కారు నెత్తిన ఓ యాంటెన్నా

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వైజాగ్‌ని ఊపేసినప్పుడు సెల్‌ఫోన్లు మూగబోయాయి. హైదరాబాద్‌లో ఉన్న నేను గాజువాకలోని అమ్మ గొంతు విన్నది మూడో రోజున. ఆ రోజుల్లో కబుర్లు చేరవేసినవాళ్ళలో హ్యామ్ రేడియోవాళ్ళూ ఉన్నారు.

వైజాగ్ వచ్చేశాక నేనూ కార్లో ఓ సెట్టు పెట్టుకుందామనుకున్నా. ముందు సీబీ వైపు చూశా. 2005 నిబంధనల్లో 27 మెగాహెర్ట్జ్‌కి లైసెన్సు అక్కర్లేదన్నారు కానీ, 5 వాట్లు దాటకూడదు, యాంటెన్నా సెట్టులోనే ఉండాలి. పైగా అక్కడ తరంగం పొడవు 11 మీటర్లు, పావు వంతన్నా 2.7 మీటర్ల కడ్డీ! 145 మెగాహెర్ట్జ్‌కైతే అరమీటరు చాలు. సరే, పరీక్ష రాసి హ్యామ్ లైసెన్సే తెచ్చుకున్నా.

కడ్డీ ఎక్కడ పెట్టాలి? కప్పు మధ్యలో. ఆ రేకే దానికి నేల అన్నమాట. కన్నం పెడతానంటే మా ఆవిడ ఒప్పుకోలేదు, అయస్కాంతం బేస్ తెచ్చా. దానికింద పెయింటు గీసుకుపోయి, ఉప్పుగాలికి తుప్పు మొదలైంది! ఇప్పుడు ప్రతి ఆదివారం తీసి తుడిచి పెడుతున్నా.

చేతిలో ఫోనుండగా ఇదెందుకని పక్కింటాయన నవ్వుతాడు. హుద్‌హుద్ రోజు ఆయన ఫోనూ మూగదే కదండీ!