ఇసుకరాయి కప్పు కింద

అమెరికాలోని కొలరాడో రాష్ట్రపు నైరుతి మూలన, మేసా వెర్డే జాతీయ ఉద్యానవనంలోని కొండచరియల ఇళ్ళను చూడటానికి, వేసవి సెలవుల్లో గుడారం, ప్రెషర్ కుక్కర్, పులిహోర డబ్బా కారులో సర్దుకుని డెన్వర్ నుంచి బయలుదేరే తెలుగు కుటుంబాల్లో, గోదావరిఖని, రామగుండం బొగ్గుబాయిల దగ్గర పుట్టిపెరిగినవారి చూపు ముందుగా గోడల మీదికి కాక, వాటి పైనున్న రాతికప్పు మీదికి పోవడం సహజం.

ఆ కప్పు క్లిఫ్ హౌస్ అనే ఇసుకరాయి పొర. వాననీరు, మంచునీరు దానిలోని సన్నని రంధ్రాల గుండా దిగి, షేల్, అంటే గట్టిపడిన బంకమట్టి పొరరాయి, అడ్డుతగిలిన చోట పక్కకు ఊరుతుంది. ఆ ఊట చలికి గడ్డకట్టి ఉబ్బి, మళ్ళీ కరిగి, రాతిని పెచ్చులు పెచ్చులుగా రాలుస్తూ కమాను వంటి గుహను తొలుస్తుంది. ఇసుకరాయికి దిగువనున్న మెనిఫీ అనే పొరలో బొగ్గు కూడా ఉంది. అది దాదాపు 8 కోట్ల ఏళ్ళ నాటిది, గోదావరి లోయ బొగ్గు 25 కోట్ల ఏళ్ళు దాటినది. వయసులో పొంతన లేకపోయినా ఇసుకరాయి, షేల్, బొగ్గు ఒకదానిమీద ఒకటి పేరుకున్న తీరు గోదావరిఖని, రామగుండం ఉన్న పెద్దపల్లి జిల్లావారికి కొత్త కాదు. అయితే బాయిలో అదే ఇసుకరాయి భయం పుట్టించే వస్తువు. షిఫ్టు మొదట్లో మైనింగ్ సర్దార్ ఇనుపకడ్డీతో కప్పును తట్టి, ఖంగుమంటే గట్టిదని, డొల్లగా మోగితే ఊడే రాయని తేలుస్తాడు. ఆ చప్పుడు మీద ప్రాణాలు ఆధారపడతాయి.

మేసా వెర్డేలో ఆ ఇళ్ళు కట్టుకున్న పూర్వ ప్యూబ్లో జనులు మాత్రం అలాంటి రాయి కిందే క్రీస్తుశకం 1200 ప్రాంతం నుంచి పిల్లాపాపలతో కాపురాలు చేశారు. క్లిఫ్ ప్యాలెస్ అనే పెద్ద కట్టడంలో సుమారు 150 గదులు, 20కి పైగా కివాలు ఉన్నాయి. కివా అంటే నేలలోకి దించి కట్టిన గుండ్రని గది, పూజలకూ సమావేశాలకూ పనికివచ్చేది. మధ్యలో పొయ్యి, పొగ పోవడానికి పైకప్పులో ద్వారం, తాజాగాలి దిగడానికి వేరే గొట్టపు దారి, ఆ గాలి నేరుగా మంటను కొట్టకుండా మధ్యలో చిన్న అడ్డుగోడ ఉంటాయి. గాలి వచ్చే దారి, పోయే దారి వేరువేరుగా ఉంచి, మధ్యలో తెరలు కట్టి మళ్ళించే బాయి పద్ధతి తెలిసినవారికి ఈ ఏర్పాటు విడమరచి చెప్పనక్కరలేదు. ఇనుము ఎరుగని ఆ జనుల పనితనం నిజంగా మెచ్చదగినది.

వెదరిల్, మేసన్ అనే పశువుల కాపరులు క్లిఫ్ ప్యాలెస్‌ను చూసింది 1888 డిసెంబరులో; ఆ మరుసటి ఏడే, 1889లో, గోదావరి లోయలోని ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైంది. ఆ కాపరులకు ముందే స్థానిక యూట్ తెగవారికి క్లిఫ్ ప్యాలెస్ ఉన్న చోటు తెలుసు కనుక, దాన్ని వారు ‘కనుగొన్నారు’ అనడం అంత సబబు కాదు. 1906లో మేసా వెర్డే జాతీయ ఉద్యానవనమైంది.

ఉద్యానవనంలో గుడారాలు వేసుకునే మోర్‌ఫీల్డ్ శిబిరస్థలం ఏడువేల అడుగులకు పైన ఉన్నందున నీళ్ళు 92, 93 డిగ్రీలకే మరుగుతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు త్వరగా ఉడకదు; కుక్కర్ మోసుకుపోయిన ఇల్లాలి ముందుచూపు అక్కడ తెలుస్తుంది. బాల్కనీ హౌస్ అనే కొండచరియ ఇంటికి 32 అడుగుల నిచ్చెన ఎక్కి, ఇరుకు సొరంగంలో పాకాలి గనుక, మోకాళ్ళ నొప్పులున్న రిటైర్డు కార్మిక తల్లిదండ్రులను ముందే హెచ్చరించాలి.

మేసా వెర్డే ప్రాంతంలో 1276 నుంచి 1299 వరకు సాగిన కరవును చెట్ల వలయాల లెక్కతో పండితులు నిర్ధారించారు. ఆ కరవుతోపాటు కలహాలు వంటి కారణాలు కూడి, పూర్వ ప్యూబ్లో జనులు ఆ ఇళ్ళు విడిచి దక్షిణానికి తరలిపోయారు. వారి సంతతి హోపి, జూని, రియో గ్రాండే ప్యూబ్లో గ్రామాల్లో నేటికీ ఉంది కనుక వారిని అంతరించిన జాతిగా చెప్పడం తప్పు. ఓపెన్‌కాస్టు గనుల కోసం ఊళ్ళు ఖాళీచేసి పునరావాస కాలనీలకు చేరినవారున్న పెద్దపల్లి జిల్లాకు, ఊరు విడిచినంత మాత్రాన జనం లేకుండాపోరని తెలుసు.

స్ప్రూస్ ట్రీ హౌస్ అనే మరో కట్టడాన్ని, కమాను నుంచి రాళ్ళు రాలుతున్నందున 2015లో సందర్శకులకు మూసివేశారు. మ్యూజియం దగ్గర నుంచి దూరంగా చూడవచ్చు. ఎనిమిది వందల ఏళ్ళు నిలిచిన కప్పు ఇప్పుడెందుకు రాలుతోందని పిల్లలు అడిగితే, జవాబు చెప్పవలసింది కప్పు కింద ముప్పై ఏళ్ళు నౌకరి చేసిన తాతే.