ఒక్కసారే వేస్తారు

నైట్ డ్యూటీ దిగి ఇంటికి రాగానే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఐఇఎల్‌టిఎస్ లిజనింగ్‌కి కూర్చునేదాన్ని. నాలుగు భాగాలు, 40 ప్రశ్నలు, అరగంట. రికార్డింగ్ ఒక్కసారే వేస్తారు. బ్రిటన్‌లో నర్సుగా రిజిస్టర్ కావాలంటే ఇందులో 7 రావాలి. నాకు 6.5 వచ్చింది.

ఇంగ్లీషు అర్థంకాక కాదు. 'కీస్' అన్నచోట చివరి 'స్' వినపడక 'కీ' అని రాస్తే మార్కు పోయినట్టే. మనకి కిలో తూగినా టమాటా టమాటానే. అలవాటు నోటికే కాదు, చెవికీ ఉంటుందని అప్పుడే తెలిసింది.

గ్రామర్‌కి వేరే పేపరుండదు గానీ, రైటింగ్‌లో, స్పీకింగ్‌లో దానికి మార్కులుంటాయి. నా గొడవంతా 'ఎ', 'ది'లతోనే. వార్డులో "డాక్టరుగారొచ్చారు" అంటే ఎవరో అందరికీ తెలుసు. ఇంగ్లీషులో మాత్రం తెలిసిన డాక్టరా, ఎవరో ఒక డాక్టరా అన్నది ముందే తేల్చుకోవాలి.

మొన్న రాత్రి మూడో నంబరు బెడ్ మీది తాత ఏదో గొణిగాడు. నీళ్లనుకుని గ్లాసందించాను. తల అడ్డంగా ఊపాడు. "మళ్లీ చెప్పు తాతా" అన్నాను. కిటికీ వెయ్యమంటున్నాడు, చలి.

పరీక్షలో అలా అడగడానికి లేదు. అక్కడి వార్డులో అడగొచ్చు, అడగాలి కూడా. అక్కడిదాకా వెళ్లడానికే మళ్లీ ఫీజు కట్టాను.