చిన్నాయన కాలికి బూట్ల కొలత

పెరియంపట్టిలో మా చిన్నాయనకు చేపల పిచ్చి ఇంకా పోలేదు. మనం దక్షిణ పినాకిని అనే ఏటినే ఇక్కడ తెన్‌పెణ్ణై అంటారు. నెల్లూరికి పోయే పెన్న మాదిరే ఇదీ నంది కొండల్లోనే పుట్టింది. కన్నడ బడిలో నేను నేర్చుకున్న పేరు, అవ్వ చెప్పిన పేరు ఒకటే.

చిన్నాయనకు షుగర్. పాదాలు మొద్దుబారినాయి. ముల్లు దిగినా తెలీదు, బూటు కరిచినా తెలీదు. ఆయన "బాగుందిరా" అంటే నమ్మేదానికి లేదు. అందుకని నీళ్ళలో నడిచే బూట్లు కొనేముందు, ఆఫీసులో టెస్టింగ్ చేసినట్టే చేసినాను.

సాయంత్రానికి పాదాలు కొంచెం ఉబ్బుతాయి కదా, అప్పుడు మందం మేజోళ్ళతో కాగితం మీద నిలబెట్టి రెండు కాళ్ళకూ గీత గీసినాను. పెద్ద కాలే లెక్క. వేళ్ళ ముందర బొటనవేలి వెడల్పు జాగా ఉండాల. మన 8 నంబరు అమెరికా లెక్కలో 9, పెట్టె మీద ఏ దేశం అంకె ఉందో చూడాల. వదులైతే మడమ లేచి, పాచి రాళ్ళ మీద అడుగు తప్పుతుంది. బిగువైతే పుండు పడుతుంది. మామూలు గమ్‌బూట్లు వద్దన్నాను. పైనుంచి నీళ్ళు నిండితే కాలు లేవదు.

ఇప్పుడు ఆయన ఏటినుంచి రాగానే చిన్నమ్మ రెండు పాదాలూ తిప్పి చూసి, వేళ్ళ సందులు తుడిచినాకే అన్నం పెడుతుంది. కాలికి పుండుంటే ఆ రోజు ఏరు లేదు.

మీ ఇంట్లో షుగరున్న పెద్దోళ్ళకు బూట్లు కొనేటప్పుడు వాళ్ళ నోటిని అడగొద్దండి, కాలిని చూడండి.