కాకిబంగారంలో పరమాణువు

విద్యుత్తు, పరమాణువు అనే మాటలు వినగానే మన విద్యార్థుల ఊహ కేంబ్రిడ్జికో, మాంచెస్టరుకో వెళ్ళిపోతుంది. ఆ శాస్త్రం ఎక్కడో పుట్టినది, ఎవరికోసమో వ్రాయబడినది, బుచ్చిరెడ్డిపాలెం వరిచేల మధ్య పెరిగిన మనకు అది పరీక్షలో పది మార్కుల ప్రశ్న మాత్రమే అని చాలామంది భావిస్తారు. నేను తెలుగు ఉపన్యాసకుణ్ణి. భౌతిక, రసాయన శాస్త్రాలు నా పాఠ్యాంశాలు కావు. అయినను ఈ భావన సరికాదని చెప్పడానికి నా దగ్గర ఒక సాక్షి ఉన్నది. ఆ సాక్షి పేరు అభ్రకం.

ఉమ్మడి నెల్లూరు జిల్లాలో గూడూరు, సైదాపురం, రాపూరు ప్రాంతాల నేల అభ్రకానికి ప్రసిద్ధి. పల్లెలలో దీనిని కాకిబంగారం అంటారు. మెరుపే గాని వెల లేదనే వెక్కిరింత ఆ పేరులో ఉన్నది. సంస్కృతంలో అభ్రమంటే మేఘం. పారసీకంలో మేఘాన్ని 'అబ్ర్' అంటారు. ఉర్దూలో ఈ ఖనిజం 'అబ్రక్'. మన సంచికలోని రెండు భాగాలకూ దాదాపు ఒకే మాట చాలునన్నమాట! మన 'విద్యుత్తు'కూ, ఉర్దూ 'బర్క్'కూ మొదటి అర్థం మెరుపే. వైద్యులు అభ్రక భస్మమని, హకీములు కుష్తా అబ్రక్ అని దీనిని మందుగా వాడారు. తాజియాల అలంకరణలోనూ ఈ రేకులు తళుక్కుమనేవి.

నిరుడు బి.ఏ. మొదటి సంవత్సరం తరగతిలో 'అభ్రంకషము' అనే మాటకు అర్థం చెబుతున్నాను. మేఘాలను ఒరుసుకొనేంత ఎత్తైనది అని అన్నాను. ఒక విద్యార్థిని లేచి, "సార్, మా అమ్మ పెళ్ళికి ముందు సైదాపురం దగ్గర అభ్రకం విప్పేదట. అది కూడా ఈ మాటేనా?" అని అడిగింది. మరునాడు అరచేతి వెడల్పు ముక్క ఒకటి తెచ్చింది. గోటితో అంచు కదిపితే చాలు, రేకు పైకి లేచింది. ఆ రేకులోనుంచి మరొక రేకు. తరగతి అంతా చుట్టూ మూగింది. అప్పుడామె వేసిన రెండో ప్రశ్న ఈ వ్యాసానికి కారణం: "ఇలా విప్పుకుంటూ పోతే ఎక్కడ ఆగుతుంది సార్?"

ఇది చాలా పాత ప్రశ్న. పదార్థాన్ని విభజిస్తూ పోతే ఒకచోట ఆగక తప్పదని, అదే పరమాణువని కణాదుని వైశేషిక దర్శనం చెప్పింది. గ్రీకు దేశంలో డెమోక్రిటస్ అదే తీరున ఆలోచించాడు. విభజింపరాని ఆ కణాన్ని ఇస్లామీయ తత్త్వవేత్తలు జౌహర్ అన్నారు. అణుశక్తికి ఉర్దూలో నేటికీ 'జౌహరీ తవానాయీ' అనే పేరు. అయితే ఇవన్నీ తర్కంతో చెప్పిన జవాబులు. మా అమ్మాయి చేతిలో ఉన్నది వస్తువు. ఆమెకు ప్రయోగంతో తేలిన జవాబు కావాలి. అందుకని ఆ ముక్కను భౌతికశాస్త్రం బోధించే మిత్రుని దగ్గరకు తీసుకొని వెళ్ళాము.

అభ్రకంలో పొటాషియం, అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్, హైడ్రోజన్ పరమాణువులు ఉన్నాయి. అవి ఏ క్రమంలో అమరి ఉన్నాయో 1930లో లైనస్ పౌలింగ్ వివరించాడు. సిలికాన్, ఆక్సిజన్, అల్యూమినియం గట్టిగా చేతులు పట్టుకొని పొరలుగా పరచుకొంటాయి. పొరకూ పొరకూ మధ్య పొటాషియం అయాన్లు ఉంటాయి. ఆ పట్టు బలహీనం కనుక గోటికి రేకు లేస్తుంది. ఒక్కొక్క పొర మందం దాదాపు ఒక నానోమీటరు, అంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. మనం విప్పిన రేకు మిల్లీమీటరులో నూరింట మూడు వంతులుంటే, అందులో సుమారు 30,000 పొరలున్నట్లు లెక్క. చివరి ఒక్క పొర దగ్గర విప్పడం ఆగుతుంది. ఆపైన ముందుకు పోతే విరిగేవి రసాయన బంధాలు. అప్పుడది అభ్రకం కాదు.

ఇక విద్యుత్తు సంగతి. రాగి తీగలో కొన్ని ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరుగుతాయి. అభ్రకంలో అవి పరమాణువుల మధ్య కట్టుబడి ఉంటాయి. కనుక విద్యుత్తు దాని గుండా సాగదు. వెంట్రుకకంటె పలుచని రేకు కూడా వేల వోల్టులను ఆపగలదు. సుమారు 500 డిగ్రీల సెంటీగ్రేడు వేడికీ అది చెడదు. మా మామూ బజారులో ఇస్త్రీపెట్టెలు బాగుచేసేవారు. పెట్టె విప్పితే లోపల అభ్రకపు పలక, దానికి చుట్టిన నైక్రోమ్ తీగ కనిపించేవి. తీగ ఎర్రబడుతుంది, గుడ్డ చదును అవుతుంది, పట్టుకొన్న చేతికి షాకు తగలదు. రెండు లోహపు పలకల మధ్య ఉంచిన విద్యుద్బంధకాన్ని బట్టి ఆ పలకలు నిలువచేసే విద్యుదావేశం మారుతుందని 1837లో ఫారడే కనుగొన్నాడు. ఆ సూత్రంమీదనే తరువాతి కాలంలో రేడియోలకు అభ్రకపు కండెన్సర్లు వచ్చాయి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో వైర్‌లెస్ యంత్రాలకు, విమానాల ఇంజన్లకు అభ్రకం అత్యవసరమై, అమెరికా, బ్రిటన్ దేశాలు మన దేశపు సరకుకోసం ఎదురుచూశాయి.

ఇంతకంటె ఆశ్చర్యకరమైన సంగతి మరొకటి ఉన్నది. 1906లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో రూథర్‌ఫర్డ్ రేడియం నుంచి వెలువడే ఆల్ఫా కణాలను సన్నని చీలిక గుండా ఫోటో ఫలకంమీదకు పంపాడు. నేరుగా వచ్చినచోట గీత అంచులు స్పష్టంగా పడ్డాయి. అభ్రకపు రేకు గుండా వచ్చినచోట ఆ అంచులు అలుక్కుపోయాయి. ఆ రేకు మందం మిల్లీమీటరులో నూరింట మూడు వంతులు. కొన్ని కణాలు సుమారు 2 డిగ్రీలు పక్కకు తొలగాయి. అంత వేగం గల కణాన్ని అంత పలుచని రేకులో అంతమాత్రం వంచాలన్నా సెంటీమీటరుకు 10 కోట్ల వోల్టుల విద్యుత్ క్షేత్రం కావాలని ఆయన లెక్క కట్టాడు. పరమాణువులో అతి తీవ్రమైన విద్యుద్బలాలు దాగి ఉన్నవని అప్పుడే గ్రహించాడు. 1909లో గైగర్, మార్స్‌డెన్‌లు లోహపు రేకులపై చేసిన ప్రయోగంలో సుమారు 8,000 కణాలలో ఒకటి వెనుకకు తిరిగి వచ్చింది. 1911లో రూథర్‌ఫర్డ్ పరమాణు కేంద్రకాన్ని ప్రతిపాదించాడు. బంగారు రేకు కథ పాఠ్యపుస్తకాలలో ఉన్నది. దానికి ముందు కాకిబంగారం కథ ఉన్నదని ఎందరికి తెలుసు?

వేల వోల్టులను ఆపే రేకు ఆల్ఫా కణానికి మాత్రం దారి ఇస్తుంది. అందుకే 1928లో వచ్చిన గైగర్-ముల్లర్ గొట్టానికి ఆల్ఫా కణాలను పట్టేందుకు అభ్రకపు కిటికీ అమర్చారు. నేటికీ పరమాణు బల సూక్ష్మదర్శినితో డి.ఎన్.ఏ. వంటి వాటిని చూడాలంటే, అప్పుడే విప్పిన అభ్రకపు రేకుమీద పరుస్తారు. అంత నునుపైన నేల మరొకటి దొరకడం కష్టం.

ఆ రేకులను విప్పినవారు ఎక్కువగా స్త్రీలు. చిన్న కత్తి, చూపు, వేళ్ళ నేర్పు - ఇవే వారి పరికరాలు. 1947లో కనుగొన్న ట్రాన్సిస్టరు క్రమంగా రేడియో వాల్వులను తొలగించింది. అభ్రకం స్థానంలో ఇతర పదార్థాలు వచ్చాయి. గిరాకీ తగ్గి ఎన్నో గనులు మూతపడ్డాయి. మన నేల రాయిని ఇచ్చింది, మన తల్లులు శ్రమను ఇచ్చారు. ఆ రాతిలో ఏమున్నదో తెలిపే చదువు మాత్రం వారి ఇళ్ళకు చేరలేదు.

ఆ ప్రశ్న వేసిన అమ్మాయికి ఇంటర్మీడియట్‌లో సైన్సు చదవాలని కోరిక ఉండేదట. పదవ తరగతి దాకా మాతృభాషలో చదివి, ఇంగ్లీషు పుస్తకం తెరిచి చూసి వెనుకకు తగ్గింది. ఆమెకు బుద్ధి తక్కువని నేను ఒప్పుకోను. రూథర్‌ఫర్డ్ చేతిలోని రేకును చూసి పుట్టవలసిన ప్రశ్న ఆమె నోట తానుగా పుట్టింది. ఏటా చేరికల సమయంలో ఇటువంటి పిల్లలు ఎందరో మన బల్ల ముందు నిలబడుతున్నారు.

కళాశాల పాలకవర్గ పెద్దలకు నా మనవి ఒక్కటే. గ్రంథాలయంలో తెలుగు, ఉర్దూ భాషల శాస్త్రగ్రంథాలకు ఒక బీరువా కేటాయించండి. 1968లో స్థాపించబడిన తెలుగు అకాడమి వేసిన పుస్తకాలతో దానిని ఆరంభించవచ్చును. నెలకు ఒక గంట శాస్త్రోపాధ్యాయుడు, భాషోపాధ్యాయుడు కలిసి అన్ని తరగతుల పిల్లలకూ మాట్లాడే ఏర్పాటు చేయండి. దీనికి పెద్ద ఖర్చు లేదు.

విద్యార్థి మిత్రులారా! మీ ఇంట్లో పాడైన ఇస్త్రీపెట్టె ఉంటే, ప్లగ్గు తీసి, పెద్దలను దగ్గర ఉంచుకొని, విప్పి చూడండి. చూసినదానిని గురించి మీకు వచ్చిన భాషలో అడగండి. జవాబు ఇంగ్లీషులో మాత్రమే దొరికితే దానిని తెలుగులోకి, ఉర్దూలోకి తెచ్చి ఇవ్వడం మా పని. ఆ పనికి నేను సిద్ధంగా ఉన్నాను.