అరగని టైరుకూ వయసుంది

మా ఇంట జరిగిన ఒక చిన్న సంగతి మీతో చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. నాకు కారు నడపడం రాదు. అయినా ఇది నేనే వ్రాయాలి. ఎందుకంటే ఇందులో తప్పు నాది.

2023లో మేమిద్దరం అమెరికాలో మా అమ్మాయి దగ్గర ఆరు నెలలు ఉన్నాము. వాళ్లుండేది టెక్సాస్‌లో, డాలస్ పక్కన ప్లేనో అనే ఊళ్లో. మా అల్లుడుగారు నెమ్మదస్తులు. ఆయనకున్న ఒకే ఒక్క సరదా గ్యారేజీలోని ఎర్ర కారు. మాజ్డా మియాటా అంటారు. అందులో ఇద్దరే కూర్చోవచ్చు. పైకప్పు గుడ్డది, కావాలంటే వెనక్కి మడిచేయవచ్చు. 2015లో ప్రమోషన్ వచ్చినప్పుడు కొత్తది కొనుక్కున్నారట. ఎనిమిదేళ్లలో అది తిరిగింది 9 వేల మైళ్లు, అంటే సుమారు 14,500 కిలోమీటర్లు. ఆదివారం సాయంత్రం కవరు తీసి, తుడిచి, మళ్లీ కప్పేవారు. పసిబిడ్డను చూసుకున్నట్టే.

మావారు ఆర్టీసీ డిపోలో టైర్ల సెక్షన్‌లో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఎక్కడ టైరు కనబడినా చెయ్యి వేయనిదే ఉండలేరు. ఒక సాయంత్రం ఆ ఎర్ర కారు పక్కన గొంతుకు కూర్చుని, టార్చిలైటు వేసి, "రబ్బరు బిగుసుకుపోయింది బాబూ, గోరు దిగడం లేదు. గాళ్ల అడుగున సన్నని పగుళ్లు కూడా ఉన్నాయి" అన్నారు.

అల్లుడుగారు నవ్వి, జేబులోంచి ఒక పెన్నీ నాణెం తీసి తలకిందులుగా టైరు గాడిలో నిలబెట్టారు. "చూడండి మావయ్యగారూ, లింకన్ తల గాడిలో మునిగిపోయింది. తల పూర్తిగా బయటికి కనబడితేనే టైరు అరిగినట్టు. ఇది కొత్తదానిలాగే ఉంది" అన్నారు.

"అరగలేదు, నిజమే. కానీ..." అని మావారు ఇంకేదో చెప్పబోయారు. నేనే అడ్డుపడ్డాను. "మీ బస్సుల సంగతులు ఇక్కడెందుకండీ? ఆయన కారు గురించి ఆయనకు తెలియదా?" అని కసిరాను. అల్లుడి ఇంట్లో ఉన్నన్నాళ్లూ మాటా మాటా రాకూడదని నా భయం. మావారు చేతులు కడుక్కుని లోపలికి వెళ్లిపోయారు. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

అక్టోబరులో ఒక శనివారం, "రండి అత్తయ్యగారూ, ఒక రౌండు వేసి వద్దాం" అన్నారు అల్లుడుగారు. ఆ కారు సీటు నేలకు జానెడు ఎత్తున ఉన్నట్టుంటుంది. చీర కుచ్చిళ్లు పట్టుకుని ఎలాగో కూర్చున్నాను. వెళ్లేటప్పుడు చిన్నపిల్లలా సంబరపడ్డాననే చెప్పాలి. తిరిగి వస్తుంటే సన్నగా చినుకులు మొదలయ్యాయి. చాలా రోజుల తర్వాత పడిన వాన. పెద్ద రోడ్డు మీద నుంచి పక్క రోడ్డుకు దిగే మలుపులో కారు వెనుక భాగం ఒక్కసారిగా పక్కకు జారింది. ఏం జరుగుతోందో తెలిసేలోపే కారు బొంగరంలా తిరిగి, వచ్చిన దారివైపు ముఖం పెట్టి గడ్డిలో ఆగింది. వెనుక వాహనం ఏదీ లేదు గనుక ఈ సంగతి మీకు వ్రాయగలుగుతున్నాను.

అద్దం మీద వైపర్లు ఆడుతున్న చప్పుడు తప్ప మరే చప్పుడూ లేదు. అల్లుడుగారి చేతులు స్టీరింగు మీద వణుకుతున్నాయి. చాలాసేపటికి, "మావయ్యగారు చెప్పారు అత్తయ్యగారూ" అన్నారు. నేనేమీ అనలేకపోయాను. ఆయన చెబుతుంటే నోరు మూయించింది నేను కదా!

సోమవారం ముగ్గురం టైర్ల షాపుకు వెళ్లాము. అక్కడి కుర్రవాడు టైరు పక్క గోడ మీద డి.ఓ.టి. అనే అక్షరాల దగ్గర వేలు పెట్టి, చివరి నాలుగు అంకెలు చదవమన్నాడు. 2215. అంటే 2015వ సంవత్సరం 22వ వారంలో తయారైన టైరు. 2000 సంవత్సరం నుంచి ఇలా నాలుగు అంకెలు వేస్తున్నారట. ఒక పక్క కనబడకపోతే రెండో పక్క చూడాలి. కారుతో ఇచ్చిన పుస్తకం తీసి చూస్తే, నడిపినా నడపకపోయినా టైర్లు పాడవుతాయనీ, ఆరేళ్లు దాటితే మార్చుకోవడం మంచిదనీ అందులోనే ఉంది. ఎనిమిదేళ్లుగా ఆ పుస్తకం కారులోనే ఉంది!

మావారికీ ఇది కొత్త విషయమే. రబ్బరు గట్టిపడిందని చేతికి తెలిసింది గానీ, తారీఖు చూడాలని ఆయనకు ఎన్నడూ తోచలేదు. "మా బస్సులు రోజుకు వందల కిలోమీటర్లు తిరిగేవి. నెలల్లోనే గాళ్లు అరిగి రీట్రెడింగుకు పోయేవి. మా దగ్గర టైరుకు ముసలితనం వచ్చే తీరికేదీ?" అన్నారు.

తర్వాత తెలుసుకున్నది ఇది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ రబ్బరును మెల్లగా గట్టిపరచి పగులగొడతాయి. అందుకే తయారీలోనే రబ్బరులో రక్షక మైనం కలుపుతారు. టైరు దొర్లుతూ వంగుతూ ఉంటే ఆ మైనం పైకి వచ్చి పొరలా కాపాడుతుంది. కదలకుండా నిలబెట్టిన కారుకు ఆ మేలు తక్కువ. ఎండ, వేడి ఎక్కువైన చోట వయసు త్వరగా మీద పడుతుంది. స్పోర్ట్స్ కారు టైర్లకు పట్టు కోసం మెత్తని రబ్బరు వాడతారు. ఆ మెత్తదనం పోతే, గాడి నిండుగా ఉన్నా తడి రోడ్డు మీద పట్టు ఉండదు. మా విషయంలో తప్పంతా టైరుదే అనను. కొత్త వాన, మలుపు కూడా కలిశాయి.

2013 నవంబరు 30న కాలిఫోర్నియాలో సినిమా నటుడు పాల్ వాకర్, ఆయన స్నేహితుడు కారు ప్రమాదంలో మరణించారు. అది 2005 నాటి పోర్షే కారు. ప్రధాన కారణం మితిమీరిన వేగమేనని విచారణలో తేల్చారు. అయితే టైర్లు తొమ్మిదేళ్ల నాటివని, అదీ ఒక కారణమై ఉండవచ్చని కూడా వ్రాశారు. ఈ సంగతి చెప్పింది మా అల్లుడుగారే. చెప్పి, ఆ రోజే నాలుగు టైర్లూ మార్పించారు. పాతవి ఎవరికీ ఇవ్వవద్దని షాపువాళ్లకు మరీ మరీ చెప్పారు.

ఇప్పుడు మా ఇంట లెక్క ఇది. టైరుకు అయిదేళ్లు దాటితే ఏడాదికొకసారి తెలిసినవారికి చూపించాలి. ఆరు దాటితే మార్చే ఆలోచనలో ఉండాలి. వేగంగా నడిచే కారైతే ఇక ఆలస్యం చేయకూడదు. పదేళ్లు నిండితే, ఎంత నిగనిగలాడుతున్నా తీసేయాలి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే వయసుతో పని లేదు, వెంటనే మార్చాలి. స్పేర్ టైరుకూ ఇదే లెక్క. కొత్త టైరు కొనేటప్పుడు కూడా తారీఖు చూసి కొనాలి.

విజయవాడ తిరిగి వచ్చాక, మా అపార్టుమెంటు సెల్లారులో పండుగలకే బయటికి తీసే కార్ల దగ్గర మావారు టార్చిలైటుతో కూర్చుంటున్నారు. మొన్న ఒకాయన, "ఇది తిరిగిందే లేదండీ!" అని నవ్వారు. మావారు నా వైపు చూశారు. ఈసారి నేను అడ్డుపడలేదు. "ఆయన చెప్పేది కాస్త వినండి అన్నయ్యగారూ" అన్నాను.