వాద్యమునకు తగిన తెర

కోయంబత్తూరులో స్థిరపడిన మాకు, అమెరికానుండి మేనల్లుడొక జాబు వ్రాసెను. 1980లో న్యూ ఇంగ్లండ్ డిజిటల్ సంస్థవారు వెలువరించిన సింక్లావియర్-2 అను వాద్యయంత్రమును అతడు కొనెనట. మీటలు నొక్కిన అది పలుకును. స్వరములను అక్షరములుగా వ్రాసి పలికింపవలెనన్న టెర్మినల్ కావలెను. “మామయ్యా, మీరు ఆఫీసులో ఏండ్లతరబడి దానిముందే కూర్చున్నారు గదా, ఎట్టిది వెదకవలెను?” అని అడిగెను.

టెర్మినల్‌కు స్వయముగా లెక్కకట్టు నేర్పు లేదు. కొట్టిన అక్షరమును తీగవెంట అవతలికి పంపును, వచ్చినదానిని తెరపై చూపును. గుమాస్తా పనియే! 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ తెచ్చిన వీటీ-100 తెరపై 80 అక్షరముల పంక్తులు 24 పట్టును. కాని ఈ వాద్యము నాదతరంగముల చిత్రములను గూడ గీయును. అందులకు వీటీ-640 అను అదనపు పలకను లోపల బిగించినది కావలెను. అదియే అరుదు. మా ఆఫీసులోని టెర్మినళ్ళన్నియు ఏనాడో తూకమునకు పోయినవి.

వాద్యముతో వచ్చిన ఫ్లాపీలలో పూర్వపు యజమాని కూర్చిన స్వరములున్నవట. అయస్కాంతపు ముద్ర కలకాలము నిలువదు. కావున టెర్మినల్‌వలె నటించు ప్రోగ్రామును నేటి కంప్యూటరులో నడిపి, ముందు వానిని చదువుమంటిమి.

మొన్న మరల వ్రాసెను: రెండు ఫ్లాపీలు చదువబడినవి, మూడవది మొరాయించుచున్నది. తెరకై వెదకుచునే యున్నాడు.