అక్క చెవికి ఇంగ్లీషు సంధులు

మా అక్క వేలూరులో ఒక ఆసుపత్రిలో నర్సు. పదో తరగతి దాకా మా బడిలోనే, తెలుగు మీడియంలో చదివింది. ప్లస్ టూ, నర్సింగ్ ఇంగ్లీషులో చదివింది. ఇంగ్లండులో నర్సు ఉద్యోగానికి పోవాలని దాని ఆశ. దానికి ఓఈటీ అనే పరీక్ష రాయాలి. వైద్యరంగంలో పనిచేసేవాళ్ళ కోసం పెట్టిన ఇంగ్లీషు పరీక్ష అది. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం, నాలుగూ ఉంటాయి. పోయిన సంవత్సరం అక్క మూడింటిలో గట్టెక్కింది. వినడంలో మాత్రం 320 వచ్చింది. కావాల్సింది 350.

ఫీజు ముప్పై వేల పైన. మా నాయనది గుడియాత్తం, లుంగీలు నేసే ఇల్లు. ఇప్పుడు అరక్కోణంలో ఒక బట్టల అంగడిలో పనిచేస్తాడు. ఆ డబ్బు ఆయనకు ఎన్ని నెలల జీతమో నేను రాయనవసరం లేదు. మళ్ళీ కట్టడానికి ఒప్పుకున్నాడు గానీ, "ఇంకొక్కసారేనమ్మా" అన్నాడు. అందుకే ఆరు నెలలు ప్రతి ఆదివారం అక్క కాట్పాడిలో రైలెక్కి ఇంటికి వచ్చేది, నేను దానికి ఇంగ్లీషు వినిపించేదాన్ని. పదో తరగతి పిల్ల నర్సమ్మకు పాఠం చెప్పడమేమిటి అని నవ్వకండి. దానికి కావాల్సింది పెద్ద టీచరు కాదు, విసుక్కోకుండా పదిసార్లు వినిపించే మనిషి.

మొదట నాకు అర్థం కానిది ఒకటుంది. అక్కకు ఇంగ్లీషు రాదా? ఆసుపత్రిలో బెంగాల్ నుంచి వచ్చే రోగులు హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడితే దానికి తెలుస్తుంది. మలయాళీ డాక్టరు ఇంగ్లీషు తెలుస్తుంది, తమిళ డాక్టరు ఇంగ్లీషు తెలుస్తుంది. అదే రాతలో ఇస్తే ఒక్క మాట కూడా పోదు. మరి రికార్డింగులో ఒక ఆస్ట్రేలియా ఆమె మాట్లాడితే ఎందుకు చెవి మూసుకుపోతుంది?

ఒక ఆదివారం రికార్డింగు ఆపి అక్క అడిగింది, "ఏమే, ఈ నాపరేషన్ అంటే ఏమి?" రాసి ఉన్న కాగితం తీసి చూశాము. షీ హాడ్ యాన్ ఆపరేషన్ అని ఉంది. ఆమె నోట్లో అది "షీ హాడనాపరేషన్" అయింది. మాట చివరి హల్లు పోయి తర్వాతి మాట అచ్చుకు అతుక్కుంది.

అప్పుడు నాకు మా తెలుగు అయ్యవారి పాఠం గుర్తుకొచ్చింది. ఏమంటివి అంటే ఏమి + అంటివి, ఇకార సంధి. వాడెక్కడ అంటే వాడు + ఎక్కడ, ఉకార సంధి. ఆరో తరగతి నుంచి విడదీస్తూనే ఉన్నాము కదా! ఇంగ్లీషులోనూ సంధులున్నాయి, కాకపోతే వాళ్ళు కలిపి పలుకుతారు, విడగొట్టి రాస్తారు. మనమేమో రాసింది చూసే ఇంగ్లీషు నేర్చుకున్నాము. పైగా మనం పుచ్చుకున్న ఇంగ్లీషు మాటలన్నింటికీ చివర ఒక అచ్చు తగిలిస్తాము. బస్సు, కారు, రోడ్డు, పెన్ను. మన చెవి ఆ చివరి ఉకారం కోసం కాచుకొని ఉంటుంది. వాళ్ళు దాన్ని ఇవ్వరు. మాట ఎక్కడ ముగిసిందో మనకు తెలియదు.

ఆ రోజు నుంచి ఒక నోటుపుస్తకం పెట్టాము. ఎడమవైపు చెవికి వినిపించింది తెలుగు లిపిలో రాయడం, కుడివైపు విడదీయడం. టర్నిటాఫ్: టర్న్ + ఇట్ + ఆఫ్. చెకప్పన్‌హర్: చెక్ + అప్ + ఆన్ + హర్. తెలుగు లిపి దీనికి ఎంత బాగా పనికొచ్చిందో చెప్పలేను. ఇంగ్లీషు స్పెల్లింగు కంటిని మోసం చేస్తుంది, మన లిపి విన్నది విన్నట్టు పట్టుకుంటుంది. అన్నీ పట్టుకోదు, అదీ నిజమే. వెస్ట్ అంటే పడమరా, లోపల వేసుకునే బనియనా? ఇంగ్లీషులో రెండూ వేరే అక్షరాలతో మొదలయ్యే వేరే శబ్దాలు. మనకు రెండూ ఒకే వ. అలాంటి చోట వాక్యాన్ని బట్టి తెలుసుకోవాల్సిందే.

తెలుగు చెవికి లాభాలు కూడా ఉన్నాయి. హ్రస్వ దీర్ఘాలు మనకు ప్రాణం. పడు వేరు, పాడు వేరు. కాబట్టి షిప్, షీప్ తేడా మాకు మొదటిసారికే తెలిసింది. ఫిఫ్టీన్, ఫిఫ్టీ దగ్గర కూడా ఇదే దారి పట్టాము. పదిహేనులో రెండో ముక్క సాగుతుంది, బలంగా వస్తుంది, చివర నకారం ఉంటుంది. యాభైలో బలమంతా మొదటి ముక్క మీదే. తెలుగులో ఇలా ఒక ముక్క మీద బరువు వేసి అర్థం మార్చడం లేదు, అందుకే దీనికి మూడు ఆదివారాలు పట్టింది. నర్సుకు ఇది మార్కుల సంగతి మాత్రమే కాదు. పదిహేను మిల్లీగ్రాములు ఎక్కడ, యాభై ఎక్కడ! ఫోనులో డాక్టరు మోతాదు చెబితే ఫిఫ్టీన్, వన్ ఫైవ్ అని అంకెలు విడిగా తిరిగి చెప్పి, అవునన్నాకే రాసుకోవాలని అక్కకు నేర్పించారట.

తిరిగి చెప్పడమంటే మా ఊరివాళ్ళకు విమానాలు గుర్తుకు రావాలి. అరక్కోణంలో నౌకాదళం వాళ్ళ ఐఎన్ఎస్ రాజాళి ఉంది, 1992లో మొదలైంది. పెద్ద విమానాలు మా మిద్దె మీదుగానే పోతాయి. పైలట్లు కూడా కింది నుంచి వచ్చిన ఆదేశాన్ని తిరిగి అప్పజెప్పాలి. తొమ్మిదిని నైన్ అనకుండా నైనర్ అంటారు, ఫైవ్‌తో కలిసిపోకుండా. తిరిగి అప్పజెప్పినా అర్థం చేసుకోకపోతే ఏమవుతుందో హర్యానాలోని చర్ఖీ దాద్రీ దగ్గర తెలిసింది. 1996 నవంబరు 12న అక్కడ ఆకాశంలో సౌదీ విమానం, కజకిస్తాన్ విమానం ఢీకొని 349 మంది చనిపోయారు. కజక్ విమానాన్ని 15,000 అడుగుల దగ్గర ఉండమన్నారు, సౌదీ విమానం 14,000 అడుగుల్లో ఎదురు వస్తోంది. కజక్ విమానం కిందికి దిగిపోయింది. దాంట్లో ఇంగ్లీషులో మాట్లాడే పని పైలట్లది కాదు, రేడియో ఆపరేటరుది. ఇలాంటి ప్రమాదాల తర్వాత అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2003లో పైలట్లకూ కంట్రోలర్లకూ ఇంగ్లీషు మాట్లాడడంలో, విని అర్థం చేసుకోవడంలో స్థాయిలు పెట్టింది. ఇది చదివాక అక్క పరీక్షను తిట్టుకోవడం కొంచెం తగ్గించింది.

కోచింగు ఇచ్చిన ఒకచోట అక్కకు ఇంగ్లీషు సినిమాలు చూడమన్నారట, కింద అక్షరాలు పెట్టుకొని. నాకు ఇది నచ్చదు. అక్షరాలుంటే కన్ను చదువుకుంటుంది, చెవి పడుకుంటుంది. మా ఇంగ్లీషు టీచరు క్లాసులో చేసే పద్ధతే నేను తీసుకున్నాను. ముందు విషయం ఏమిటో మాత్రం చెప్పాలి: మోకాలి నొప్పితో వచ్చిన ముసలాయన. ఏ మాటలు రావచ్చో అక్క ఊహించి చెప్పాలి. మొదటిసారి పెన్ను ముట్టకుండా వినాలి. రెండోసారి రాసుకోవాలి. చివరికే కాగితం చూసి, చెవి ఎక్కడ జారిందో అక్కడ గీత గీయాలి. అసలు పరీక్షలో ఒక్కసారే వినిపిస్తారు, మొత్తం 42 ప్రశ్నలు, వాటిలో 24 పార్ట్ ఏలో వైద్యరంగంలో పనిచేసేవాళ్ళు, రోగి మాట్లాడుకునేది వింటూ నింపే ఖాళీలు. అయినా నేర్చుకునేటప్పుడు ఒక్కసారే వింటానంటే కుదరదు.

నెమ్మదిగా చెప్పేవి కూడా విన్నాము. వాయిస్ ఆఫ్ అమెరికా వాళ్ళు 1959లోనే 1500 మాటలతో, నిదానంగా చదివే వార్తలు మొదలుపెట్టారు. బీబీసీ వాళ్ళ 6 మినిట్ ఇంగ్లీష్ ఇంకొంచెం వేగం. నిదానం మొదటి నెలకు మంచిది. ఆ పైన అది అలవాటైపోతే కష్టం, ఎందుకంటే నిదానంగా చదివితే సంధులు జరగవు.

మా స్టేషను మైకు కూడా అంతే. సాయంత్రం అక్కను రైలెక్కించడానికి పోయినప్పుడు అనౌన్సుమెంట్లు వినేవాళ్ళం. తమిళం, ఇంగ్లీషు, హిందీ, మూడింటిలోనూ చెబుతారు (తెలుగు వినాలంటే రేణిగుంట పోవాలి). తమిళంలో ముందే అర్థమైపోయి ఉంటుంది కాబట్టి ఇంగ్లీషు మాటలు సులభంగా దొరుకుతాయి. వన్ సిక్స్ జీరో ఫైవ్ ఎయిట్, సప్తగిరి ఎక్స్‌ప్రెస్. నాకు తెగ సంతోషం. కానీ అక్క ఒకరోజు అనింది, "ఇది మనిషి మాట కాదే, ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి అతికించినారు. అందుకే తెలుస్తా ఉంది." నిజమే. అంకెకూ అంకెకూ నడుమ సందు ఉంటుంది. మనుషులు అంత మర్యాదగా మాట్లాడరు.

అందుకని ఇంకో ఆట పెట్టుకున్నాము. ఇద్దరం వీపుకు వీపు ఆనించి కూర్చుంటాము. స్టేషను నుంచి మా ఇంటికి దారి నేను ఇంగ్లీషులో వేగంగా చెప్పాలి, అక్క బొమ్మ గీయాలి. తెలియకపోతే ఇంగ్లీషులోనే అడగాలి: మళ్ళీ చెప్పండి, ఎడమ అన్నారా, ఎన్నో సందు? మొదట్లో మా ఇల్లు పోయి రైలు వర్కుషాపులో పడింది! అవ్వ తలుపు దగ్గర కూర్చొని చూసి, "ఎదురూబొదురూ చూసుకోకుండా మాట్లాడుకునే అక్కాచెల్లెండ్లు, ఏమి కోపమో" అనింది. అవ్వకు అక్షరం రాదు. ఒకసారి విన్న హరికథ మర్నాడు పూర్తిగా చెబుతుంది. చదువు రాని చెవికి ఉండే ఓపిక చదువుకున్న మాకు లేదని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

మా బడి పిల్లలందరికీ నేను చెప్పేది ఒకటే ఉంది, అదీ అడిగితేనే. ఇంగ్లీషు పుస్తకంలో వినే అభ్యాసాలు వచ్చినప్పుడు, పరీక్షలో రాదు కదా అని పేజీ తిప్పేయమని టీచరును బతిమాలకండి. పదో తరగతిలో రాదు. అక్కకు ఇరవై నాలుగేళ్ళకు వచ్చింది.

అక్క రెండోసారి పరీక్ష రాసి ఐదు రోజులయింది. ఫలితం ఇంకా రాలేదు. పార్ట్ ఏలో ఎన్ని ఖాళీలు వదిలేశావని అడిగితే రెండు అనింది. మొదటిసారి తొమ్మిది.